నిధుల కోసం ప్రతిపాదన: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

స్వచ్ఛంద సంస్థలు నిధుల కోసం రాసే ప్రతిపాదనల గురించి ఇటీవల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకరికి చెప్పిన జవాబు పదిమందికి పనికివచ్చే ప్రశ్నలను వాటిలోంచి ఎంచి, ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: మా సొసైటీ ఆరేళ్లుగా తీర గ్రామాల్లో మత్స్యకార కుటుంబాల పిల్లలకు సాయంకాలపు చదువుల కేంద్రాలు నడుపుతోంది. ఇంతకాలం ఊళ్లో చందాలతో నెట్టుకొచ్చాం. ఇప్పుడు కేంద్రాలను 12కు పెంచాలని కంపెనీలు సామాజిక బాధ్యతగా ఇచ్చే సీఎస్‌ఆర్ నిధుల కోసం చాలా చోట్లకు ఉత్తరాలు పంపినా ఒక్కరూ జవాబివ్వలేదు. ఆ ఉత్తరం నకలు జతచేస్తున్నాను. లోపం ఎక్కడుందో చెప్పగలరా?
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: మీ రెండు పేజీల ఉత్తరంలో మొదటి పేజీ అంతా సంస్థ ఆశయాలకూ, అందుకున్న సత్కారాలకూ సరిపోయింది. రెండో పేజీలో గ్రామీణ విద్య పడిపోతోందన్న ఆవేదన ఉంది, చివర 15 లక్షల రూపాయలు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన ఉంది. పిల్లలు ఎంతమంది, ఏ తరగతుల వారు, వారికి ఇప్పుడు ఏమి వచ్చు, ఏడాది తిరిగేసరికి ఏమి వస్తుంది, ఆ 15 లక్షలలో దేనికి ఎంత అన్న సంగతులు మాత్రం ఎక్కడా లేవు. ఆరేళ్లు నిలబెట్టిన పని మీది. ఆ పనే ఉత్తరంలో కనబడడం లేదు.

ప్రతిపాదన అర్జీ కాదు, పని ప్రణాళిక. దాత ఎవరన్నది తేలకముందే, ఒక్క రూపాయి రాకపోయినా మీకు పనికివచ్చేటంత వివరంగా దాన్ని మీకోసం మీరు రాసుకోవాలి. అందువల్ల ముందు సమస్యను లెక్కతో చెప్పండి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పిల్లల చదువు స్థాయి మీద 2005 నుంచి వెలువరిస్తున్న అసర్ నివేదికల కోసం వాడే చదువు పరీక్ష తెలుగులోనూ ఉంది. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ అన్న మెట్లతో, ఒక్కొక్క బిడ్డకు కొద్ది నిమిషాల్లో పూర్తయ్యే ఆ పరీక్షను మీ కేంద్రాల పిల్లలకూ, కొత్తగా వెళ్లబోయే గ్రామాల పిల్లలకూ పెట్టండి. రాష్ట్ర సగటులు ఒక వాక్యంలో చెబితే చాలు. మీ ఊరి పేరుతో, మీరు లెక్కించిన అంకెతో, లెక్కించిన తేదీతో ఉన్న వాక్యానికి ఉండే బలం ఏ జాతీయ నివేదికకూ ఉండదు.

లెక్క తరువాత కారణం రావాలి. పిల్లలు వెనకబడ్డారని చెప్పి ఊరుకుంటే, మీరు చెప్పే పరిష్కారం ఆ సమస్యకు సరిపోతుందో లేదో చదివేవారికి తెలియదు. మీ జిల్లా తీరం నుంచి మగవారు గుజరాత్‌లోని వేరావల్ వంటి రేవులకు వలస వెళ్లి నెలల తరబడి ఇంటికి దూరంగా ఉంటారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది, ఆ రోజుల్లో ఇంటి రాబడి తగ్గుతుంది. ఇంట్లో చదువు చూసేవారు లేకపోవడం వల్ల సాయంకాలపు కేంద్రం అవసరమైందా, బడికి రాని రోజులు పెరగడం వల్లనా, లేక బడిలో తరగతికి తగ్గ ఉపాధ్యాయులు లేకపోవడం వల్లనా? తల్లులను కూర్చోబెట్టి అడిగి రాయండి. వారు చెప్పినదానిలో మీ ఊహకు విరుద్ధమైనది ఉంటే అదీ రాయండి. ప్రతిపాదనలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదేనని మా అభిప్రాయం. చాలామంది తొందరగా దాటేసేది కూడా దీన్నే.

ఇక, చేసే పనికీ దాని ఫలితానికీ తేడా చూపాలి. 12 కేంద్రాలు తెరుస్తాం, 300 మందిని చేర్చుకుంటాం అన్నవి పనులు. ‘జూలైలో పేరా చదవలేని పిల్లల్లో ఇంతమంది మార్చి నాటికి కథ చదవగలుగుతారు, ఆ సంగతి ఫలానా పరీక్షతో, ఫలానా నెలలో తేలుతుంది’ అన్నది ఫలితం. అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ కోసం 1969లో రూపొంది, తరువాత ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చిన లాగ్‌ఫ్రేమ్ అనే పట్టికను కొందరు దాతలు అడుగుతారు. దాన్ని చూసి బెదరనక్కరలేదు. ఏమి సాధిస్తాం, దేనితో కొలుస్తాం, రుజువు ఎక్కడ దొరుకుతుంది, మన చేతుల్లో లేనివి ఏమిటి అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులే అందులోని నాలుగు నిలువు వరుసలు. సాధించలేని అంకె మాత్రం వేయకండి. నూటికి నూరుమందీ చదవగలుగుతారని రాసిన ప్రతిపాదనను అనుభవమున్న అధికారి నమ్మడు.

చివరగా, ఎవరికి పంపాలన్న విషయం. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, 500 కోట్ల రూపాయల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ తన గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలపై వెచ్చించాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలని అదే సెక్షన్ చెబుతోంది. కాబట్టి ముంబై ప్రధాన కార్యాలయాలకు కట్టలుగా ఉత్తరాలు పంపడం కన్నా, మీ జిల్లాలోనే పైడిభీమవరం పారిశ్రామిక ప్రాంతంలో ఉన్న మందుల కంపెనీలతో మొదలుపెట్టడం మంచిది. ఏ కంపెనీ ఏ రంగంలో ఎంత ఖర్చు చేసిందో కేంద్ర ప్రభుత్వ సీఎస్‌ఆర్ పోర్టల్‌లోనూ, ఆ కంపెనీ వార్షిక నివేదికలోనూ కనిపిస్తుంది. తాగునీటికే నిధులిస్తున్న కంపెనీని చదువుల కేంద్రాలకు అడగడం ఇద్దరి సమయాన్నీ వృథా చేయడమే. బోర్డు ఆమోదించిన వార్షిక కార్యాచరణ ప్రణాళిక ప్రకారమే కంపెనీలు ఖర్చు చేయాలి కనుక, ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలయ్యే నాటికి మీ ప్రతిపాదన వారి పరిశీలనలో ఉండాలి. చలికాలంలోనే మీ ఆలోచనను క్లుప్తంగా చెప్పే రెండు పేజీల కాన్సెప్ట్ నోట్ పంపి, వీలైతే వారిని ఒక సాయంత్రం కేంద్రానికి ఆహ్వానించండి. పూర్తి ప్రతిపాదన వారు అడిగాక ఇవ్వవచ్చు. సంస్థ చరిత్ర, సత్కారాలు అందులో చివరి అరపేజీలో ఇమిడిపోతాయి.

ప్రశ్న: బడ్జెట్‌లో జీతాలు చూపిస్తే దాతలు తిరస్కరిస్తారనీ, పాలనా ఖర్చు 5 శాతం దాటకూడదని చట్టమే ఉందనీ మా కార్యవర్గంలో కొందరు అంటున్నారు. జీతాలను ‘శిక్షణ’, ‘ఇతర ఖర్చులు’ పద్దుల్లో సర్దుదామని వారి సలహా. ఇది సరైనదేనా?
- ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం: సరైనది కాదు. జీతాన్ని శిక్షణ పద్దులో దాస్తే, ఆడిట్ నాటికి జరగని శిక్షణకు హాజరు పట్టికలు సృష్టించవలసి వస్తుంది. అక్కడి నుంచి సంస్థ వెనక్కి రావడం కష్టం.

మీ వారు చెబుతున్న 5 శాతం హద్దు సీఎస్‌ఆర్ నిబంధనల్లో ఉన్నమాట నిజం. అయితే అది కంపెనీ తన సీఎస్‌ఆర్ వ్యవహారాల సాధారణ నిర్వహణకు పెట్టుకునే ఖర్చుకు విధించిన హద్దు. ప్రాజెక్టును అమలుచేసే సంస్థ ఆ పనికోసం ఇచ్చే జీతాలకు అది వర్తించదు. విదేశీ విరాళాల విషయంలో వేరే హద్దు ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ తరువాత ఆ నిధుల్లో 20 శాతానికి మించి పాలనా ఖర్చుకు వాడరాదు. ఈ రెండూ కలిసిపోయి రకరకాలుగా ప్రచారంలో ఉన్నాయి. చట్టంతో నిమిత్తం లేకుండా ఏ కంపెనీ అయినా తన సొంత హద్దు పెట్టుకోవచ్చు కనుక, ముందే అడిగి తెలుసుకోవాలి.

బడ్జెట్ ఎలా ఉండాలో పై ప్రశ్నలోని చదువుల కేంద్రాలనే ఉదాహరణగా తీసుకుని చూపుతాం. ధరలు మేము ఊహించి వేసినవి, మీ ఊరి ధరలు మీరు వేసుకోవాలి. 12 కేంద్రాలకు ఒక్కొక్క బోధకురాలికి నెలకు 6,000 చొప్పున పది నెలల గౌరవ వేతనం 7,20,000. ఒక సమన్వయకర్తకు నెలకు 18,000 చొప్పున ఏడాదికి 2,16,000. 300 మంది పిల్లలకు పుస్తకాలు, పలకలు, కథల కార్డులు తలకు 400 చొప్పున 1,20,000. ఈ 13 మందికి నాలుగు రోజుల శిక్షణ, రోజుకు మనిషికి 500 చొప్పున 26,000. మొదట, చివర జరిపే పరీక్షలకు కేంద్రానికి 1,500 చొప్పున రెండుసార్లకు 36,000. సమన్వయకర్త ప్రయాణాలకు నెలకు 3,000 చొప్పున 36,000. పద్దులు రాసేవారికి నెలకు 5,000 చొప్పున 60,000, ఆడిటరుకు 15,000. మొత్తం 12,29,000 రూపాయలు, అంటే ఒక్కొక్క బిడ్డకు ఏడాదికి సుమారు 4,100.

ఇందులో నాలుగింట మూడు వంతులకు పైగా బోధకురాళ్లకూ సమన్వయకర్తకూ వెళుతోంది. అలా వెళ్లడమే న్యాయం, ఎందుకంటే పిల్లలకు చదువు చెప్పేది మనుషులు. ఆ మాట బడ్జెట్ కిందే రెండు వాక్యాల్లో వివరించండి. ప్రతి పద్దుకూ ఎంతమంది, ఎన్ని నెలలు, ఎంత చొప్పున అన్న గుణకారం కనబడాలి. ‘ఇతర ఖర్చులు లక్ష రూపాయలు’ వంటి పద్దు ఒక్కటున్నా మిగతా లెక్కల మీద నమ్మకం పోతుంది. వివరణలో ఉన్న ప్రతి పనికీ బడ్జెట్‌లో పద్దు ఉండాలి, బడ్జెట్‌లో ఉన్న ప్రతి పద్దుకూ వివరణలో పని ఉండాలి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ప్రతిపాదనతో సంబంధం లేని ఒకరి చేత సరిచూపించండి. పంచాయతీ ఉచితంగా ఇచ్చే గది, ఊరివారు సమకూర్చే దీపాల ఖర్చు వంటివి స్థానికుల వాటాగా విడిగా చూపితే ఊరు మీ వెంట ఉందన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: మా సంస్థను రిజిస్టర్ చేయించి ఏడాదిన్నర అయింది. దాతలకు పన్ను రాయితీ దొరికేలా చేసే 80జి గుర్తింపు ఇంకా రాలేదు. మేము సీఎస్‌ఆర్ నిధులకు ప్రతిపాదన పంపవచ్చా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: ఇప్పుడే పంపడం వల్ల ప్రయోజనం లేదు. కంపెనీ గానీ ప్రభుత్వం గానీ నెలకొల్పని సొసైటీకి, ట్రస్టుకు సీఎస్‌ఆర్ పని అప్పగించాలంటే దానికి 12ఎ (సంస్థ రాబడికి పన్ను మినహాయింపునిచ్చే రిజిస్ట్రేషన్), 80జి రెండూ ఉండాలి, అదే తరహా పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి, కార్పొరేట్ వ్యవహారాల శాఖ వద్ద సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి. ఈ నమోదు 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. పని ఇంకా మొదలుపెట్టని కొత్త సంస్థలకు పన్ను శాఖ ముందుగా మూడేళ్ల తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తుంది, మీకు వర్తించేదానికి వెంటనే దరఖాస్తు చేయండి. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1 కనుక సెక్షన్ల సంఖ్యల విషయం మీ ఆడిటరును అడగండి. నీతి ఆయోగ్ వారి ఎన్‌జీవో దర్పణ్ పోర్టల్‌లో గుర్తింపు సంఖ్య తీసుకోవడానికి మాత్రం ఆలస్యం చేయవద్దు.

మిగిలిన ఏడాదిన్నరను కాగితాల కోసమే కాక పని కోసం వాడండి. ఊరివారి విరాళాలతో చిన్నగా చేసినా, హాజరు, ఖర్చు, ఫలితం నెలనెలా రాసిపెట్టుకోండి, ఏటా ఆడిట్ చేయించండి. మూడేళ్ల అనుభవానికి రుజువు అదే. అవే ఊళ్లలో పనిచేస్తున్న పాత సంస్థ ఏదైనా ఉంటే, వారి ప్రతిపాదనలో ఒక భాగం మీరు చేసేలా రాతపూర్వక ఒప్పందంతో కలిసి పనిచేయడం మరో దారి. అయితే ఆ ఏర్పాటు దాతకు ముందే తెలిసి ఉండాలి.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా ఊరివారు కొందరు, అక్కడి ఒక తెలుగు సంఘం, మా గ్రామ ఆరోగ్య కేంద్రానికి సాయం చేస్తామంటున్నారు. ప్రతిపాదన పంపమన్నారు. రాసేముందు చూసుకోవలసినవి ఏమిటి?
- ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: ముందు డబ్బు ఎవరి దగ్గర నుంచి వస్తుందో చూసుకోండి. భారత పౌరసత్వం నిలుపుకొన్న ప్రవాసి తన సొంత పొదుపులోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపేది చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, వారికి భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అక్కడ రిజిస్టరైన సంఘం పంపేదీ అంతే. అది అందుకోవడానికి 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద కేంద్ర హోంశాఖ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో అందుకోసమే తెరిచిన ఖాతాలోకి రావాలి. రిజిస్ట్రేషన్‌కు సంస్థ వయసు మూడేళ్లు దాటాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆశయాల మీద కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి.

రిజిస్ట్రేషన్ ఉన్న వేరే సంస్థ పేరిట తెప్పించుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఒక సంస్థ అందుకున్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని 2020 సవరణ నిషేధించింది. మంచి మనసుతో చేసినా అది ఇరు సంస్థల మెడకూ చుట్టుకుంటుంది. భారత పౌరులైన మీ ఊరివారి నుంచి, వారి పాస్‌పోర్టు నకళ్లు దస్త్రంలో ఉంచుకుని, విరాళం తీసుకోవడం మొదలుపెట్టండి. ప్రతిపాదన మాత్రం పరిచయస్తులకే కదా అని పొడిగా రాయవద్దు. ఊరు వదిలి ఇరవై ఏళ్లయినవారికి ఇప్పటి ఊరు తెలియదు, వారికి మరింత వివరంగా చెప్పాలి.

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయాన్ని యువజన సంఘం నడుపుతోంది. పుస్తకాలకూ బీరువాలకూ ప్రభుత్వ గ్రాంటు అడగాలనుకుంటున్నాం. కంపెనీలకు రాసినట్టే రాయవచ్చా?
- ఒక పాఠకుడు, బాపట్ల జిల్లా

సమాధానం: 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయానికి నెలవైన వేటపాలెం మీ జిల్లాలోనే ఉంది. మీ సంఘం చేస్తున్న పని ఆ వరుసలోనిదే అని మాకు సంతోషంగా ఉంది. ప్రభుత్వ గ్రాంటుకు రాసే పద్ధతి వేరు. అక్కడ మీ కథనం కన్నా పథకం మార్గదర్శకాలు ముఖ్యం. కేంద్ర సాంస్కృతిక శాఖ పరిధిలో 1972లో ఏర్పడిన, కోల్‌కతాలోని రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ స్వచ్ఛంద సంస్థల గ్రంథాలయాలకూ సాయం చేస్తుంది. ఆ పథకం తాజా మార్గదర్శకాలనూ ఫారాన్నీ దింపుకుని, అందులోని క్రమంలోనే, వారి మాటలతోనే జవాబులు రాయండి. గడి వదిలేయకండి, వర్తించని చోట వర్తించదని రాయండి. చదువరుల రిజిస్టరు, పుస్తకాల జాబితా, భవనం మీద హక్కు పత్రం ముందే సిద్ధం చేసుకోండి. ఫైళ్లు ఆగేది ఎక్కువగా భవనం కాగితం దగ్గరే. జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యాలయానికి వెళ్లి ఫారం ఏ దారిలో పైకి వెళుతుందో తెలుసుకోవడం మంచిది.

గ్రాంటు వచ్చాక బాధ్యతలు ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం, ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా వినియోగ ధ్రువపత్రం, అంటే అందరూ యూసీ అనేది, ఇవ్వాలి. బ్యాంకులో ఆ డబ్బుపై వచ్చిన వడ్డీ సంస్థది కాదు, ప్రభుత్వానికి తిరిగి చెల్లించాలి. గ్రాంటుతో కొన్న బీరువాను అనుమతి లేకుండా అమ్మరాదు. వీటిని ముందే కార్యవర్గం చేత తీర్మానంలో రాయించండి. ఒక యూసీ బాకీ పడితే తరువాతి గ్రాంటు ఆగిపోతుంది.

ప్రశ్న: మాకెవరికీ ఇంగ్లీషులో రాయడం రాదు. ప్రతిపాదన రాసిపెట్టి నిధులు వచ్చాక 10 శాతం తీసుకుంటానని ఒక కన్సల్టెంటు అంటున్నారు. ఒప్పుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, ఆసిఫాబాద్

సమాధానం: శాతం లెక్కన ఒప్పుకోవద్దు. పిల్లల కోసమో రోగుల కోసమో వచ్చిన డబ్బులోంచి ఆ 10 శాతం ఏ పద్దు కింద చెల్లిస్తారు? దాత ఆమోదించిన బడ్జెట్‌లో దానికి చోటు ఉండదు. పైగా మొత్తం పెరిగితే రాసేవారి వాటా పెరుగుతుంది కనుక, మీరు మోయలేని పనిని ప్రతిపాదనలో చేర్చే ప్రమాదం ఉంది. రాతకో అనువాదానికో సాయం కావాలంటే నిర్ణీత రుసుము మాట్లాడుకుని, సంస్థ సొంత డబ్బులోంచి, నిధులు వచ్చినా రాకపోయినా చెల్లించండి.

ముందు తెలుగులో రాయండి. మీ గూడేల్లో ఏమి జరుగుతోందో, ఏమి చేస్తే మారుతుందో తెలిసినవారు మీరే. ఆ సంగతులు మీ సొంత మాటల్లో పది పేజీలు ఉంటే, వాటిని ఇంగ్లీషులోకి మార్చడం డిగ్రీ చదివిన స్థానిక యువకులు ఎవరైనా చేయగలరు. భాష సాదాగా ఉన్నంత మాత్రాన ప్రతిపాదనకు నష్టం లేదు. అనువాదం అయ్యాక ప్రతి పేరాలో ఏముందో వారి చేత మళ్లీ తెలుగులో చెప్పించుకుని, మీరు రాసిందే ఉందో లేదో చూసుకున్నాకే సంతకం చేయండి. తిరస్కరణ వస్తే కారణం అడుగుతూ మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. అందరూ చెప్పరు, చెప్పినవారి మాటలను అసలు ప్రతిలో ఆ పేరా పక్కనే తేదీతో సహా రాసుకుని, వచ్చే ఏడాది ప్రతిని అక్కడి నుంచి మొదలుపెట్టండి.